యాదయ్య దిండు దూది

మొన్న ఆదివారం పాత స్పీకరు వెనక చెక్కకున్న మరలు విప్పగానే ముందు వాసన వచ్చింది. టేకు, తుప్పు, ఎండిన జిగురు, వాటన్నిటి వెనక ఎక్కడో బొంబాయి కామాఠీపురాలో వరసగా ఒంటిగదులున్న మా చాల్ వాసన: కిరోసిను స్టవ్వుల మీద పొంగే పప్పు, వరండా తాళ్ల మీద ఎంతకీ ఆరని వానాకాలపు బట్టలు, చింతపండుతో తోమిన ఇత్తడి బిందెలు. మోగే కాగితపు కోను అంచు చివికిపోయింది, మార్చుదామని విప్పాను. లోపల కుక్కిన దూది మట్టిరంగుకు తిరిగి ముద్దగా చేతిలోకి వచ్చింది. నలభై ఏళ్ల నాటి సిగ్గు కూడా ఆ దూదిలాగే లోపల కుక్కి ఉంది.

మా తాత తాపీ మేస్త్రీ. పాలమూరు నుంచి చిన్నప్పుడే వచ్చి బొంబాయిలో ఎన్ని గోడలు లేపాడో ఆయనకే లెక్క లేదు. నాకు ఊహ తెలిసేసరికి చేతులు వణికి పని మానేశాడు గానీ, గోడ కనబడితే వేలి కణుపుతో తట్టి చూసే అలవాటు మాత్రం మానలేదు. తట్టి, చెవి దగ్గరగా పెట్టి, లోపల గుల్ల ఉంటే పెదవి విరిచేవాడు, గట్టిగా ఉంటే తల ఊపేవాడు. వర్లిలో చుట్టాల పెళ్లికి పోయినా సరే, పెళ్లికొడుకును చూడకముందు ఆ ఇంటి గోడను తట్టేవాడు, అమ్మ తల కొట్టుకునేది. ఆయన పనిముట్లు, అంటే తాపీ, రసమట్టం, తూకపు గుండు, ఒక టేకు పెట్టెలో ఉండేవి. వయసులో ఉన్నప్పుడు కూలగొట్టిన ఏదో బంగళా తలుపు చెక్కతో చేయించుకున్న పెట్టె అది. ఏడాదంతా మా ఒంటిగది అటక మీద పడి ఉండి, దసరా పొద్దున కిందికి దిగేది. పీట మీద పెట్టి, దానికి మూడు పసుపు గీతలు తీసి, నడుమ కుంకుమబొట్టు పెట్టి, తాత దండం పెట్టుకున్నాకే ఇంట్లో ఎవరి నోట్లోనైనా ముద్ద పడేది.

బతుకమ్మకు మా చాల్ ముంగిట్లో తంగేడు దొరికేది కాదు. ఆడవాళ్లు దాదర్ నుంచి గంపలకొద్దీ బంతిపూలు తెచ్చి పేర్చేవాళ్లు, అమ్మ చపాతీలు నలిపి బెల్లం కలిపి మలీద చేసేది, నేను చప్పట్ల నడుమ దూరి ఆ ముద్దలు ఎత్తుకుపోయేవాణ్ని. దసరాకు జమ్మి కూడా దొరికేది కాదు. మరాఠీవాళ్లు బంగారమని పంచుకునే ఆకునే మేమూ బంగారమనుకుని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కి, ఒకరినొకరు కౌగిలించుకుని అలాయి బలాయి తీసుకునేవాళ్లం.

నా పద్నాలుగో ఏట వినాయక మండపంలో ఊళ్లు దద్దరిల్లించే స్పీకర్ల పక్కన పది రోజులు నిలబడ్డాక నాకు పిచ్చి పట్టింది. అంత పెద్దది కాకపోయినా, పుస్తకాల అరలో పట్టే స్పీకరు ఒకటి నా చేతులతో చేయాలి. బస్సు పైసలు మిగుల్చుకుని బడికి నడిచిపోయి, సాయంత్రాలు నాగ్‌పాడా దాటి పాతసామాన్లు అమ్మే చోర్ బజార్‌లో తిరిగాను. ఏదో మోటారుకారు లోంచి పీకిన, బరువు శబ్దం పలికే ఊఫరు ఒక గుట్టలో దొరికింది, కోను చిరిగితే సిగరెట్టు కాగితం అంటించాను. పాడైన రేడియో లోంచి సన్నటి శబ్దం పలికే చిన్న ట్వీటరు, ఒక కెపాసిటరు. అక్కడి తుక్కు కొట్టు చాచా నా మీద జాలిపడి వైరు ఊరికే ఇచ్చి, డబ్బాకు పల్చటి చెక్క పెడితే రేకుడబ్బాలాగా గలగలమంటుందని, మందంగా, తడితే గట్టిగా పలికే చెక్క వెతుక్కోమన్నాడు. అంత చెక్క కొనే స్తోమత నాకెక్కడిది? ఇంటికి వచ్చి కనబడిన ప్రతి చెక్కనూ తాతలాగే కణుపుతో తట్టాను. మంచం కోళ్లు, అల్మారా తలుపు, అన్నీ గుల్ల. అటకెక్కి పెట్టెను తట్టాను. అది పలికిన పలుకు విన్నాక నా బుద్ధి నా దగ్గర లేదు.

తాత చాయ్‌కి పోయిన మధ్యాహ్నాలు చూసి పెట్టెను డాబా మీద కోశాను. పనిముట్లు పాత గోనెలో చుట్టి మెట్ల కింద సామాను వెనక దాచాను. పసుపు మరకలున్న వైపు లోపలికి తిప్పి, బయట నల్లరంగు పూశాను. ఏదైనా రేకు పెట్టెలో పనిముట్లు సర్ది పెడదాంలే, పని మానేసిన ముసలాయనకు ఏం తెలుస్తుంది అనుకున్నాను గానీ, స్పీకరు ధ్యాసలో ఆ పని చేయనేలేదు.

యాదయ్య మా తాత ఊరివాడు. అప్పుడే కొత్తగా వచ్చి కట్టడాల దగ్గర కూలి చేస్తూ, మా ఇంట్లో తిని మా వరండాలో పడుకునేవాడు. మేస్త్రీ పని నేర్చుకోవాలని ఆశ, చేతిలో ఒక్క పనిముట్టు లేదు, అటక మీది పసుపు గీతల పెట్టెనే చూస్తుండేవాడు. గలగల రాకుండా స్పీకరులో కుక్కడానికి దూది కావాలని నేను వెతుకుతుంటే నవ్వుతూ తన దిండు కుట్లు విప్పాడు. "గిదంత నీకేరా తమ్మీ, నాకు చెయ్యి చాలు తలకింద," అన్నాడు. వెనక చెక్క బిగించకముందు డబ్బాను ఒళ్లో పెట్టుకుని దూది ఆయనే కుక్కాడు. మధ్యలో ఎందుకో ఆగి లోపలికి చూశాడు. తర్వాత మిగతాది కుక్కి నా చేతికిచ్చాడు. నాకు తొందర, పట్టించుకోలేదు.

దసరా పొద్దున తాత పెట్టె కోసం అటక మీద చేతులతో తడిమాడు. పీట ఖాళీగా ఉండిపోయింది. అమ్మ మెల్లగా, తాపీ ఒక్కసారి పట్టనియ్యమని యాదయ్య రోజూ అడిగేవాడు కదా అంది. తాత ఆయన్ను పిలిచి అడిగాడు.

"నీ అన్నం తిన్న తాతా. నేను దియ్యలే," అన్నాడు యాదయ్య. అని నా వైపు ఒక్కసారి చూశాడు. నేను స్పీకరు వైరు సవరించుకుంటున్నట్టు తల దించుకున్నాను.

ఆ మధ్యాహ్నమే యాదయ్య మూట కట్టుకుని పోయాడు. సాయంత్రం మళ్లీ వచ్చాడు, చేతిలో ఆకులతో. పండగ నాడు పెద్దమనిషికి బంగారం పెట్టకుండా ఎట్లా అనుకున్నాడేమో. తాత పిడికిలి విప్పలేదు. యాదయ్య ఆకులు గడప మీద పెట్టి, నన్ను గట్టిగా అలాయి బలాయి తీసుకుని, "మంచిగ మోగుతుందిరా నీది," అన్నాడు. స్పీకరు అప్పుడు మోగుతూనే ఉంది.

నాలుగైదు రోజులకు తాత పుస్తకాల అర దగ్గర నిలబడి అలవాటుగా స్పీకరును తట్టాడు. మళ్లీ తట్టాడు. మూడోసారి అరచెయ్యి ఆనించి ఉంచాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు.

"పనిముట్లు తేపో," అన్నాడు. తెచ్చాను. "యాదయ్య ఏ నాకా మీద నిలవడ్తుండో ఎర్కేనా?"

తెలియదన్నాను. మర్నాటి నుంచి కూలీలు పనికోసం నిలబడే నాకాలన్నీ ఆ ముసలాయన తిరిగాడు, నాగ్‌పాడా నుంచి వర్లి దాకా, చేతిలో తాపీ పట్టుకుని. నన్ను తోడు రమ్మన్నాడు. బడి ఉందన్నాను. దొరికితే యాదయ్య ముఖం చూడాలనే భయం. దొరకలేదు. ఆ పైన బతికిన మూడు దసరాలూ తాత పనిముట్లను వట్టి పీట మీదే పెట్టాడు, తాపీకి మాత్రం బొట్టు పెట్టలేదు. అది యాదయ్యదే అనేవాడు.

ఇప్పుడా చాల్ లేదు, వరండా లేదు, బతుకమ్మ పేర్చిన ముంగిట్లో మోటారుసైకిళ్లు నిలుపుతున్నారు. మొన్న దూది మొత్తం తీసి డబ్బా వెలుతురుకు తిప్పాను. దూది కుక్కేటప్పుడు సరిగ్గా కళ్లెదుట పడే చెక్క మీద, మూడు పసుపు గీతలు, నడుమ కుంకుమ, నిన్న పెట్టినట్టున్నాయి. అప్పుడు తెలిసింది యాదయ్య ఎందుకు ఆగాడో. పెట్టె ఏమైందో ఆయనకు మొదటినుంచీ తెలుసు. ఒక్క మాటతో తన పేరు నిలబెట్టుకోగలిగి కూడా, నా పేరు నిలబెట్టి పోయాడు.

పక్కనున్న నా కూతురు ఆ దూది పారేసి కొత్తది పెడదామంది. మరాఠీలోనే, ఎవరిదది అని అడిగింది. "మా ఊరాయనది," అన్నాను మరాఠీలోనే. దూది మళ్లీ లోపల కుక్కి మరలు బిగించాను. నోటితో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను: ఆ పెట్టె తీసింది నేను.