అంచులు కోసిన బొమ్మ

ఎమ్మిగనూరు నేతగాడు కాశప్పకు సినిమాల పిచ్చి అని వీధంతా నవ్వుతుంది. నవ్వనీ. మగ్గం పక్కన చెక్కపెట్టెలో మూడు వందల క్యాసెట్లు, సీడీలు, డీవీడీలు పేర్చుకున్న మనిషి. అందులో ఒకే సినిమాను ఏడుసార్లు కొన్నాడు. ముప్పై ఏళ్ల కిందట ఆదోని పత్తి మార్కెట్లో తీసిన సినిమా అది. గుంపుకు ఎడమ చివర, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆరు సెకన్లు నిలబడింది అతని పెండ్లాం రుద్రమ్మ. మరుసటి ఏడాదే ఆమె పోయింది. గోడకు పెండ్లినాటి ఫోటో ఉంది. కదిలే రుద్రమ్మ మాత్రం ఆ సినిమాలోనే ఉంది.

ఏ సీడీ కొన్నా టీవీ నిండాలని పక్కలు నరికేసిందే. పైనా కిందా నల్లపట్టీలతో బొమ్మంతా ఉన్నది ఒక్క పాత క్యాసెట్లోనే. దాన్ని ఆడించే వీసీపీ చెడి పన్నెండేళ్లయింది, బాగుచేసేవాడు దొరకలేదు.

ఆదోనిలో వీడియోల పని చేసే గోవిందన్న ఆ క్యాసెట్టును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తానన్నాడు. రుద్రమ్మ చేతి జొన్నరొట్టె మూడేళ్లు తిన్న స్నేహితుడు. నల్లపట్టీలు ఉండనీ, పక్కలు ముట్టుకోవద్దని కాశప్ప ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఎవరు నేసిన చీరైనా మడత విప్పి రెండంచులూ చూడందే తీసుకోని మనిషి, స్నేహితుడి పనికి వంక వెతకడం మర్యాద కాదనుకుని పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, క్యాసెట్టు అక్కడే వదిలి వచ్చేశాడు. బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

చూడ్డానికని కోసిగి నుంచి కూతురు నాగవేణి తన పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. కొత్త టీవీ నిండా బొమ్మ. మార్కెట్ సీను వచ్చింది, పోయింది. ఎడమ చివర ఒక మోచెయ్యి మాత్రం కనబడింది.

కాశప్ప అప్పుడే బస్సెక్కి ఆదోని పోయాడు. నల్లపట్టీలుంటే గిరాకీలు తిడతారని, అలవాటు కొద్దీ బొమ్మను పెద్దది చేసి నింపానని గోవిందన్న చెప్పాడు. క్యాసెట్టు పాతసామాన్ల వాడికి వేసేశాడట.

“ఆ పక్కన ఎవరుండారో నీకు సెప్పినా కదప్పా.”

“సెప్పినావులే అన్నా. మర్సిపోయినా.”

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడికి కనీసం ఆ ఇల్లు గుర్తుంటుంది. వీడు ఇంటినే మరిచాడు. కాశప్ప మళ్లీ బస్సెక్కి తిరిగొచ్చాడు.

ఇంట్లో మనవరాలు ఆ సీనే మళ్లీ పెట్టుకుని వెతుకుతోంది.

“అవ్వ యాడుండాది తాతా?”

కాశప్ప టీవీ దగ్గరికి పోయి, దాని ఎడమ పక్కన ఉత్త గోడ మీద చెయ్యి పెట్టాడు.

“ఈడ.”