రెండు దస్తీలు

బాన్సువాడ బస్టాండులో జుక్కల్ బస్సు ఇంకా ఆగకముందే ఒక అమ్మాయి కిటికీలోంచి రెండు దస్తీలు విసిరి, పక్కపక్కనే రెండు సీట్లు ఆపుకుంది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. తీరా చూస్తే ఎక్కింది తనొక్కతే. ఆ జనంలో ఊపిరాడక నిలబడ్డ నాకు ఒళ్లు మండింది.

"ఒక్కదానివే ఉన్నవు గదా, రెండు సీట్లెందుకు?" అని గట్టిగానే అడిగాను.

ఆమె కిటికీ పక్కనున్న దస్తీ తీసి, "మీరు కూసోండ్రి అక్కా" అంది.

సిగ్గుపడుతూ కూర్చున్నాను. బస్సు కదిలాక మళ్లీ అడిగాను, ఈసారి మెల్లగా.

"గది మా అమ్మ సీటక్కా. దవాఖానకు పోయినప్పుడల్లా ఇద్దరికీ నేనే ఆపేదాన్ని. అమ్మ సచ్చిపోయినంక గూడ ఒకసారి అలవాటుల రెండు దస్తీలు ఏసిన. గా ఖాళీ సీటు చూసి మస్తు ఏడ్చిన. గప్పుడే ఒక అవ్వ నిలబడలేక అచ్చి అండ్ల కూసుంది. పానం ఎంత నిమ్మలమైందో! ఇగ అప్పటిసంది కావాల్ననే ఏస్తున్న."

ఆ వయసులో దుఃఖమొస్తే తలుపు గడియ పెట్టుకున్నదాన్ని నేను.

"అమ్మకు గాలి తగలకుంటే వాంతులయ్యేటివి" అంటూ ఆమె నా మీదుగా వంగి కిటికీ అద్దం జరిపింది.

నాకు బస్సులో వాంతులు కావు. అయినా, ఆమె పిట్లంలో దిగిపోయాక కూడా, కళ్లలో దుమ్ము పడుతున్నా, జుక్కల్ దాకా ఆ అద్దం మూయలేదు.