అవ్వ కోసం విప్పిన రేకు

మొన్న కినత్తుకడవులో మా కొబ్బరి కొట్టానికి కొత్త రేకులు వేయించాను. పనివాడు మిషనుతో రబ్బరు బిళ్ళల మరలు బిగిస్తూ, "మీ మనవళ్ళ కాలందాకా ఒక సొట్టు నీళ్ళు దిగవు సార్" అన్నాడు. పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకు జారిపడినా, చావింట్లో పంతులు తుమ్మినా నవ్వే నాకు ఆ మాటకి మాత్రం నవ్వు రాలేదు.

పడుచుతనంలో నేనూ రేకుల పనివాణ్ణే. మదురై పక్కన వాడిపట్టి నుంచి బోడినాయకనూరు ఏలకుల కొట్టాలదాకా నేనెక్కని కప్పు లేదని, నేను సుత్తి పట్టుకుంటే మేఘాలు దారి మార్చుకుని కేరళకి పోయేవని ఊరంతా చాటుకునేవాణ్ణి. ఆ పనిలో మొదటి పాఠం ఒక్కటే. మేకు రేకు గట్టు మీద కొట్టాలి, నీళ్ళు పారే పల్లంలో కొట్టకూడదు.

వాడిపట్టిలో మామ ఇంట్లో ఉండే మా అవ్వ ధనిష్ఠా పంచకంలో పోయింది. అటువంటి చావును మా వైపు 'అడైప్పు' అంటారు. ప్రాణం వాకిలి గుండా పోతే వెంట ఇంకొకరిని పిలుచుకుపోతుందని, పోయిన మనిషి పడుకున్న చోటికి నేరుగా పైన ఒక రేకు విప్పుతారు. విప్పింది నేనే. పదహారో రోజు మళ్ళీ వేసిందీ నేనే. మబ్బు కమ్ముకొస్తోంది, కింద బంతిలో పాయసం అయిపోవస్తోంది, నా కళ్ళలో నీళ్ళు. ఆ తొందరలో నాలుగు మేకులూ పల్లంలో కొట్టేశాను.

మొదటి వానకే అవ్వ మంచం ఉండిన చోట చుక్క పడింది. మామ పెళ్ళాం, మా అత్త, అవ్వ తాగే చెంబు తెచ్చి దాని కింద పెట్టింది. పోయే రోజు అవ్వ నీళ్ళడిగితే, డాక్టరు వద్దన్నాడని అత్త పొయ్యలేదు. ఆనాటి నుంచి ఆమె గుక్కెడు నీళ్ళు తాగాలన్నా ముందు ఆ మూలకి చూసేది. మనిషి వడిలిపోయింది.

"వినపడుతుండాదా కన్నూ? మీ అవ్వ అడుగుతుండాది" అంది ఒక మధ్యాహ్నం.

"రేకు కారుతుండాది అంతే అత్తా."

"నువ్వేసిన కప్పు కారదని మదురైదాకా దండోరా వేస్తివే. కారేది కప్పు కాదులే."

మేకులు తప్పు కొట్టానని చెప్పడానికి నోరు తెరిచాను. మామ పక్కనే ఉన్నాడు, పక్కింటివాళ్ళు ఇద్దరున్నారు. తెరిచిన నోరు ఆవలింతగా మార్చుకున్నాను.

మరునాడు అత్త చేనుకి పోయిన వేళ పైకెక్కి, మేకులు పీకి, ఆ చిల్లుల్లో తారులో ముంచిన గోనెపీలికలు కూరి, గట్టు మీద కొత్తగా కొట్టాను. ఇక అత్త కుదుటపడుతుందనుకున్నాను.

తర్వాతి వాన ఊరిని ఎత్తుకుపోయేంతగా కురిసింది. లోపల ఒక్క చుక్క పడలేదు. అత్త వాన వెలిసేదాకా ఆ ఒట్టి చెంబు దగ్గర కూర్చుని, నన్ను చూడకుండానే అడిగింది.

"కోపం తీరి పొయ్యిందా, ఇంక నా చేతి నీళ్ళు వద్దని పొయ్యిందా?"

"తీరే పొయ్యింది అత్తా."

"నీకెట్ల తెలుసు?"

ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ వాన మొదలైతే చేతిలో పని వదిలేసి ఆ మూలకి పోయి నిలబడేది. నేను రెండుసార్లు ఆ చుక్క మళ్ళీ పడేటట్టు ఆ గోనెపీలికలు పీకేద్దామని సుత్తి తీసుకుని, నిచ్చెన దగ్గరిదాకా పోయి తిరిగొచ్చాను.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడా ఇల్లు కాంక్రీటుది. మా వాళ్ళ చావులన్నీ ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి కనక అడైప్పు వచ్చినా విప్పడానికి రేకు లేదు. వాన పడుతోందని లోపలివాళ్ళకి తెలియను కూడా తెలియదు. ఆనాడు నిజం చెప్పి ఉంటే అత్తకి ఊరట కలిగేది, మంచి పనివాడినన్న నా పేరు పోయేది. ఆ పేరు ఇప్పుడు వాడిపట్టిలో ఎవరికీ గుర్తు లేదు.