తమ్ముడి పేరుతో వెళ్లిన మెసేజ్

2023 వానాకాలం. నెల్లూరులో ఒక చిన్న టిష్యూ టైపింగ్ ల్యాబులో పనిచేస్తున్నాను. కిడ్నీ గానీ ఎముక మజ్జ గానీ ఒకరిది ఇంకొకరికి పెట్టేముందు ఇద్దరి హెచ్ఎల్ఏ జన్యువులూ పోల్చి చూడాలి. ఏది తనదో ఏది పరాయిదో శరీరం గుర్తుపట్టేది వాటితోనే. రక్తంలోని ఆ జన్యువుల్ని సీక్వెన్సింగ్ మిషన్ చదివి అక్షరాల గుట్ట పోస్తుంది. అందులోంచి రకం తేల్చే పని ఇదివరకు మా సీనియర్ టెక్నీషియన్ కళ్లు పొడుచుకుని చూసి చేసేవారు. దానికి నేను ప్రోగ్రాం రాశాను. రాశానని కాస్త పొగరుగానే ఉండేది.

అందులో ఒక రూలు పెట్టాను. శాంపిల్ మీద ఒక పేరుండి, జన్యువులు మాత్రం పాత రికార్డులో ఇంకొకరివైతే, ట్యూబులు తారుమారైనట్టే లెక్క. జన్యువుల్ని నమ్మి పేరు మార్చెయ్యాలి. పేరు రాసే చెయ్యి పొరబడుతుంది గానీ జన్యువు పొరబడదనుకున్నాను. రిపోర్టు సిద్ధం కాగానే రికార్డులోని ఫోనుకు మెసేజ్ పంపేది కూడా ఆ ప్రోగ్రామే.

ఒక మధ్యాహ్నం వాకాడు వైపు నుంచి పోలమ్మ అనే ఆవిడ వచ్చింది. చేపలవేట మీద బతికే కుటుంబం. చేతిసంచిలో మడతపెట్టిన చొక్కా ఉంది. ఫోను నా ముందు పెట్టింది. "శీనయ్య గారి రిపోర్టు సిద్ధంగా ఉంది" అని మా మెసేజ్.

"మా చిన్నోడు యాడుండాడమ్మా?" అంది. "వేటకు పోయి రెండేళ్లాయ. పడవ దొరికింది, వాడు దొరకలా. కర్మ చేసెయ్యమంటే నేనే చెయ్యనీలా. మీకాడికొచ్చి రక్తం ఇచ్చిపోయినాడంట గదా. ఒంటిమీద ఏముందో ఏమోనని చొక్కా తెచ్చినా."

శీనయ్య రికార్డు తెరిచాను. అందులో ఉన్న ఫోను నంబరు ఆవిడదే. పాత శాంపిల్‌కూ కొత్తదానికీ ఒక్క అక్షరం తేడా లేదు. రెండేళ్ల కిందట సముద్రంలో పోయిన మనిషి రక్తం నాలుగు రోజుల కిందట తీశారు. ఆవిడ లోపలి గది తలుపు వైపే చూస్తోంది. నాకూ ఒకసారి అటు చూడాలనిపించింది.

ఫ్రిజ్‌లోంచి ట్యూబు తీశాను. దాని మీద చేత్తో రాసిన పేరు పెంచలయ్య.

"పెంచలయ్య ఎవరమ్మా?"

"నా పెద్దకొడుకు. కిడ్నీలు పోయినాయి. నాది ఇస్తానని చెప్పుండా."

డయాలసిస్‌కు నెల్లూరులోనే ఉన్న పెంచలయ్యకు ఫోన్ చేసి రప్పించాను. ఇంతకుముందు ఎవరి మజ్జయినా ఎక్కించారా అని అడిగాను.

"తమ్ముడిదే మేడం. ఐదేళ్లాయ. నా రక్తం పాడైతే, సగమే కలిసిందన్నా వాడిచ్చినాడు. వాడి పరీక్ష మీకాడే చేసినారు, నాది మజ్జ ఎక్కించిన ఆసుపత్రిలో. ఆ మందులకే కిడ్నీలు పోయినాయన్నారు. మీ ఫారంలో అడగలా, నేను చెప్పలా."

మజ్జ మారితే ఒంట్లో పుట్టే రక్తం ఇచ్చినవాళ్లదే. ప్రోగ్రాం సరిగ్గానే చదివింది. పేరు మార్చమని చెప్పింది నేను. ఆ రకంతోనే కిడ్నీ పోల్చి ఉంటే పెంచలయ్య ప్రాణం మీదికి వచ్చేది.

"చిన్నోడు రాలేదమ్మా. పెద్దోడి ఒంట్లో ఉన్నది చిన్నోడి రక్తం. ఆ మెసేజ్ నా తప్పు" అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

పోలమ్మ సంచిలోంచి చొక్కా తీసి ఒళ్లో పెట్టుకుంది. "వాడు చచ్చిపోయినాడని మీ మిషన్ చెప్తాదా?" అంది.

"చెప్పదమ్మా."

పెంచలయ్య సొంత రకం కోసం, మజ్జతో పాటు మారని వెంట్రుకలు కుదుళ్లతో తీసుకున్నాం. సరిచూసుకోవడానికి రక్తం కూడా మళ్లీ తీయాల్సి వచ్చింది. సూది పట్టుకోగానే పోలమ్మ వచ్చి కొడుకు భుజం పట్టుకుంది.

"నిదానంగా తియ్యమ్మా. చిన్నోడికి సూదంటే బయం."

వారానికి మూడుసార్లు డయాలసిస్ సూదులకు కదలని పెంచలయ్య ఆ మాటకు తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే రూలు తీసేశాను. ఇప్పుడు పేరుకూ జన్యువులకూ పొంతన కుదరకపోతే ప్రోగ్రాం ఆగిపోతుంది. ఎవరికీ ఏమీ పంపదు. నేనే ఫోన్ చేసి అడుగుతాను. మా ఫారంలో మొదటి ప్రశ్న కూడా మజ్జ గురించే.

తల్లి కిడ్నీతో పెంచలయ్య బాగున్నాడు. మొన్న పరీక్షలకు వచ్చినప్పుడు, తమ్ముడికి కర్మ చేశారా అని అడిగాను. అమ్మ ఇంకా చెయ్యనివ్వలేదన్నాడు. ఆమె ఫోనులో మా మెసేజ్ అట్లాగే ఉందట. తీసెయ్యమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.