ఇసుక దిబ్బ మీద భారతమ్మ పందెం

నగరిలో మగ్గం నేసే భారతమ్మకు అరవై తొమ్మిదేళ్లు. ముందు గదిలో నేల తవ్విన గుంట, దాని మీద మగ్గం. ఆ గుంటలో కాళ్లు దించి కూర్చుందంటే కలెక్టరు వచ్చినా లేచే మనిషి కాదు. ఆ గుంట పూడ్చేసి టైల్స్ పరిపించాలని కొడుకు ఢిల్లీబాబు ఆరు నెలలుగా పోరుతున్నాడు. అమ్మ మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పాడట. డాక్టరు చూసింది ఎక్స్‌రే ఫోటోనే కానీ కాళ్లను కాదని భారతమ్మ వాదన.

పోరు అట్లా నడుస్తుండగానే ఒక ఆదివారం వీధిలోని నాలుగిళ్లవాళ్లు వ్యాను మాట్లాడుకుని, నాయుడుపేట దాటి వాకాడు దిక్కుకు సముద్రం చూడటానికి పోయారు. సముద్రం కంటే ముందు ఇసుక ఎదురైంది. దిబ్బ వెనక దిబ్బ, కంటికి ఆనినంత మేరా దిబ్బలే. గాలి వాటి మీద సన్నని చారలు గీసి పెట్టింది. భారతమ్మ వంగి వాటిని వేలితో తడిమింది.

"నేత బాగుండాది. పోగు యాడా తెగలా," అంది.

అన్నిటికంటే పెద్ద దిబ్బ తాటిచెట్టు ఎత్తు ఉంది. ఢిల్లీబాబు దాన్ని చూశాడు, అమ్మను చూశాడు.

"నువ్వు వ్యాను నీడన కూసోమ్మా. ఇది ఎక్కే కాళ్లా నీవి?"

"ఎక్కితే?"

"ఎక్కితే నీ గుంట జోలికి రాను. ఎక్కలేకపోతే రేపే మేస్త్రీని పిలుస్తా."

"సరే. ఎవురి చెయ్యీ పట్టుకోను. నువ్వు గూడా రా. సూద్దాం ఎవురివి కాళ్లో."

ఉప్పుకారం చల్లిన మామిడి ముక్కలు నములుతున్న కోడలు లోకేశ్వరి, "నేను సాచ్చి," అంది.

ఢిల్లీబాబు పరుగెత్తాడు. మూడడుగులు పైకి పోతే రెండడుగులు కిందికి జారాడు. వాడి పొట్ట వాడికంటే ముందు అలిసిపోయింది. భారతమ్మ కూడా మొదట జారింది. ధబ్బున కూలబడి, చీర నిండా ఇసుకతో అట్లాగే కాసేపు కూర్చుంది. అప్పుడు తట్టింది. గుంటలో తొక్కుడు చెక్కను ఎట్లా తొక్కుతుంది? ఒక కాలు పూర్తిగా అణిగాకే రెండోది లేపుతుంది. యాభై ఏళ్లుగా చేస్తున్నది అదేగదా. లేచి, నిటారుగా పోకుండా ఏటవాలుగా తిరిగి, కుడి, ఎడమ, కుడి, ఎడమ అని తొక్కుకుంటూ పోయింది. ఇసుక మాట వింది.

సగం ఎత్తులో కొడుకు రొప్పుతూ కనిపించాడు.

"మా, రవంత ఆగు."

"యాలా ఆగాల? నీ మోకాళ్లు గూడా ఫోటో తీయించు నాయనా."

కొసకు చేరగానే గాలి వచ్చి మీద పడింది. కొంగు ఎగిరిపోయి వెనక జెండా అయింది. అవతల సముద్రం, ఇవతల సముద్రమంత ఇసుక. ఎటు చూడాలో తెలియక భారతమ్మ గిర్రున తిరిగింది, కళ్లు తిరిగాయి, నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కూర్చుని, చీర కుచ్చెళ్లు కాళ్ల మధ్య బిగించి, సర్రుమని జారింది. సగం దారిలో ఉన్న కొడుకు పక్కనుంచి పోతూ, "ఏమప్పా, ఇంకా ఈడనే ఉండావా?" అని అడిగింది.

కిందపడి లేచి మళ్లీ ఎక్కింది. ఈసారి లోకేశ్వరి మామిడి ముక్కలు పారేసి వెంటపడింది. అత్తాకోడళ్లు చేతులు పట్టుకుని జారారు. పందెం ముందే గెలిచింది కాబట్టి చెయ్యి పట్టుకుంటే తప్పులేదు. నాలుగోసారికి వీధి ఆడవాళ్లంతా దిబ్బ మీదే ఉన్నారు. సముద్రం దగ్గరికి పోయినవాళ్లే లేరు.

మర్నాడు పొద్దున భారతమ్మ మోకాళ్లు బూడిద గుమ్మడికాయల్లా ఉబ్బాయి. గుంటలోకి దిగలేక గట్టు మీదే కూర్చుంది. ఢిల్లీబాబు గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. తొడలు పట్టేసి వాడికి కూర్చోవడం చేతకావడం లేదు.

"ఏమ్మా, దిగలా?"

"ఈ దినం మగ్గానికి సెలవిచ్చినా. మాటిచ్చినావు, గ్యాపకం ఉండాదా?"

"ఉండాదిలే. మేస్త్రీకి వద్దని ఫోను చేసినా."

లోకేశ్వరి వేడి చేసిన ఆముదం గిన్నె తెచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. "ముందు ఎవురికి పుయ్యాల?"

"వానికే పుయ్యి," అంది భారతమ్మ. "ఓడినోడు గదా, పాపం."