ఎస్తేరు హాల్ టికెట్

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. నా భర్తకు తెలియదు. పిల్లలకు తెలియదు. మా అమ్మ పోయేటప్పుడు పక్కనే కూర్చున్నాను, ఆమెకైనా చెబుదామనుకున్నాను, చెప్పలేదు. మీరు ముఖం తెలియని మనిషి కాబట్టి మీకు చెప్పగలనేమో. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి.

ఒక ఆడపిల్లకు రావలసిన బతుకును రాకుండా చేశాను. భయంతో చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. భయం నిజమే. కానీ భయం ఒక్కటేనా? అక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ వెనక్కి తిరిగిపోతాను. ఈసారి తిరగకూడదు.

అప్పుడు మేం ప్రొద్దుటూరులో ఇంటర్ రెండో ఏడు. బైపీసీ. ఆ పిల్లను ఎస్తేరు అని రాస్తాను, అది ఆమె అసలు పేరు కాదు. వాళ్ల నాయన దేవదానం సారు జమ్మలమడుగు పక్క ఒక పల్లెలో హైస్కూలు మాస్టరు. తాతల కాలంలో దొరల మిషన్ బడిలో చదువుకున్న కుటుంబం. మా నాయన ప్రొద్దుటూరులో ఆఫీసు గుమాస్తా. మెడిసిన్ ఎంట్రన్స్ రాయాలని మా ఇద్దరికీ ఒకటే పిచ్చి.

కాలేజీ వదలగానే నేరుగా మా ఇంటి మిద్దె ఎక్కేవాళ్లం. గైడ్లు, పాత ప్రశ్నపత్రాలు నావి. బుర్ర ఆమెది. సారు దిద్దేసిన పరీక్ష కాగితాల వెనకవైపు ఖాళీలే ఆమెకు నోటుపుస్తకం. టైం పెట్టుకుని పేపరు చేసేవాళ్లం, ఒకరిది ఒకరం దిద్దేవాళ్లం. జువాలజీ, బోటనీ నాకు కంఠతా వచ్చేవి. కెమిస్ట్రీలో మోల్ లెక్కలు తంటాలు పడి గట్టెక్కేదాన్ని. ఫిజిక్స్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేదాన్ని.

లిఫ్టు లెక్క ఒకటి నన్ను ప్రతిసారీ పడేసేది. లిఫ్టు సమవేగంతో కిందికి దిగుతోంది, లోపలున్న మనిషి బరువు ఎంత కనిపిస్తుంది అని. 'కిందికి' అన్న మాట చూడగానే నేను తీసివేసేదాన్ని. ఎస్తేరు నా పెన్సిలు లాక్కునేది. "ముందు బొమ్మ గీయమ్మే. బలాలకు బాణాలెయ్యి. వేగం మార్లేదు గదా, ఇంగ బరువు యాడ తగ్గుతాది? కిందికి అనే మాట సూసి భయపడి మైనస్ పెట్టాకు" అనేది. పదిసార్లు తప్పు చేస్తే పదిసార్లూ అదే ఓపికతో చెప్పేది. నన్ను చూసి ఎప్పుడూ నవ్వలేదు.

జనవరిలో కాలేజీలో పెద్ద పరీక్ష పెట్టారు, ఎంట్రన్స్ లాగే. ఎస్తేరు మొదటిది. నేను రెండో దాన్ని, కానీ మా మధ్య దూరం చాలా ఉంది. ఫిజిక్స్ లెక్చరరు క్లాసులో నిలబడి, "ఈ కాలేజీకి ఈ ఏడు సీటొస్తే ఒక్కటే వస్తాది. అదెవరిదో మీకే తెలుసు" అన్నాడు. అందరూ ఎస్తేరు వైపు తిరిగారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా చప్పుడు అందరికంటే గట్టిగా వినిపించాలని కొట్టాను.

ఆ ఏడే ఎన్నికలొచ్చాయి. మా వైపు అప్పట్లో ఎన్నికలంటే ఎలా ఉండేవో మీరు వినే ఉంటారు. ఊళ్లు రెండుగా చీలి ఉండేవి. ఏ బస్సు ఎక్కాలో, ఎవరి అంగడిలో టీ తాగాలో కూడా పార్టీని బట్టే. దేవదానం సారుకు ఒక పల్లెలో పోలింగు డ్యూటీ పడింది. మధ్యాహ్నం మనుషులు లోపలికొచ్చి, ఏజెంట్లను బయటికి తోసి, ఓట్లన్నీ వాళ్లే గుద్దుకున్నారు. అలాంటిచోట సారులు తల వంచుకుని కూర్చుని, ప్రశాంతంగా జరిగిందని రాసిచ్చి ప్రాణాలతో ఇంటికొచ్చేవాళ్లు. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. దేవదానం సారు మాత్రం జరిగింది జరిగినట్టు రాసి, పేర్లతో సహా రాసి, సంతకం పెట్టాడు. అక్కడ మళ్లీ ఎన్నిక పెట్టారు. కేసు అయింది. సారు సాక్షి అయ్యాడు.

ఆ తర్వాత సారు ఎక్కడున్నాడో ఎస్తేరుకే తెలియదు. ఆమె, వాళ్లమ్మ ప్రొద్దుటూరులో ఒక చుట్టాలింట్లో కొన్నాళ్లు, ఇంకొకరింట్లో కొన్నాళ్లు ఉండేవాళ్లు. ఎంట్రన్స్ దరఖాస్తు నింపేటప్పుడు చిరునామా గడి దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది. "మా ఇంటిదే రాయి, ఏమైతాది" అన్నాను. నేనే అన్నాను. ఎవరూ అడగలేదు. అది మంచితనమే. ఆ రోజుకు నేను మంచిదాన్నే.

ఒక మధ్యాహ్నం మా వీధిలో జీపు ఆగింది. నలుగురు దిగారు. ముగ్గురు జీపు దగ్గరే నిలబడ్డారు, ఒకాయన మా గడప దాకా వచ్చాడు. తెల్ల బట్టలు. మా అమ్మను మంచినీళ్లు అడిగి తాగాడు. చెంబు రెండు చేతులతో తిరిగిచ్చాడు. తర్వాత నన్ను చూసి, "దేవదానం సారు కూతురు ఈడికొస్తాదంట గదా పాపా, సదువుకోను?" అన్నాడు. "ఇప్పుడు రావడంల్యా" అన్నాను. అప్పటికి అది నిజం కాదు. "వస్తే సెప్పు, సారుతో మాట్లాడల్ల, అంతే. నువ్వు బాగా సదువుకో" అని నవ్వి వెళ్లిపోయాడు. అరిచి ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో. ఆ మర్యాద చూసి, జీపు కదలగానే తలుపుకు గడియ పెట్టాను.

నాయన ఆఫీసు నుంచి వచ్చి విన్నాడు. చొక్కా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయాడు. ఆ పిల్ల ఇంక మన గడప తొక్కకూడదు అన్నాడు. చిరునామా సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎస్తేరుకు కాలేజీలో జీపు సంగతి కూడా చెప్పలేదు. మా అమ్మకు ఒంట్లో బాగలేదు, రావద్దన్నాను. వారం తిరక్కుండా వాళ్లమ్మ ఆమెను ఖాజీపేట అవతల చేలల్లో ఉన్న మేనమామ కొట్టానికి తీసుకుపోయింది. హాల్ టికెట్ల వేళకు వచ్చి తీసుకుపోతానని, ఏ రోజు ఎక్కడ కలవాలో చెప్పి వెళ్లింది.

అప్పటినుంచి వీధిలో బండి చప్పుడు వినిపిస్తే పుస్తకం మూసేసేదాన్ని. కిటికీ సందులోంచి చూసేదాన్ని. వాళ్లకు పోస్టాఫీసులో మనుషులున్నారేమో అనిపించేది. ఆ కవరు మా ఇంటికి వస్తోందని వాళ్లకు తెలిస్తే? ఆ పిల్ల మా రక్షణలో ఉందని అనుకుంటే? నాయన రోజూ సైకిలు మీద వెళ్లే దారి నా కళ్ల ముందు కనబడేది.

రెండు కవర్లూ ఒకే రోజు వచ్చాయి. అమ్మ పక్కింట్లో ఉంది. నాది విప్పాను. ఆమెది కూడా విప్పాను. ఎందుకు విప్పాను? నాకు తెలియదు. ఫోటోలో ఎస్తేరు రెండు జడలు వేసుకుని, నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంది. కింద ఆమె పేరు. ఆ కింద కేరాఫ్ అని మా నాయన పేరు, మా వీధి, మా ఇంటి నంబరు.

పెరట్లో స్నానాల నీళ్ల కోసం పొయ్యి మండుతోంది. మొదట కవరు వేశాను. తర్వాత టికెట్ వేశాను. ఫోటో జిగురు బుడగలు లేచింది. అది పూర్తిగా కాలేదాకా అక్కడే కూర్చున్నాను.

జువాలజీ పుస్తకంలో దాచి ఉండవచ్చు. జాకెట్టులో పెట్టుకుని బస్టాండుకు తీసుకుపోయి ఉండవచ్చు. చిరునామా ముక్క ఒక్కటే చింపి ఉండవచ్చు. ఇవేవీ అప్పుడు తట్టలేదని మీతో అనాలని ఉంది. కానీ తట్టాయి. పొయ్యి ముందు కూర్చున్నప్పుడే ఒకటొకటిగా తట్టాయి. వాటితోపాటు లెక్చరరు మాట కూడా గుర్తొచ్చింది, ఒక్క సీటు అన్న మాట. అది టికెట్ వేయకముందు గుర్తొచ్చిందా, వేసిన తర్వాతా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది ఒక్కటే. ముందే అని ఒకరోజు అనిపిస్తుంది. తర్వాతే అని ఇంకోరోజు నమ్ముతాను.

చెప్పిన రోజు మైదుకూరు బస్సులు ఆగే చోట ఎస్తేరు నిలబడి ఉంది. తలమీద కొంగు ముఖం దాకా లాక్కుంది. వాళ్లమ్మ కొంచెం దూరంలో కూర్చుని అటూ ఇటూ చూస్తోంది.

"వచ్చిందామ్మే?" అంది.

"రాలేదు" అన్నాను.

"నీది?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. నోట్లోంచి నిజమే వచ్చింది. "వచ్చింది."

"ఇద్దరం ఒకే దినం పంపిస్తిమి గదా." కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కుంది. "పోనీలే. నేనే యాడో తప్పు రాసింటా. ఆ పొద్దు నా చేతులు వణుకుతాన్నె." ఆ తర్వాత నా ముఖంలోకి చూసింది. "రానోళ్లు ఏం చేయల్లని పేపర్లో ఏమన్నా ఏసినారా? మా కొట్టం కాడికి పేపరు రాదు."

వేశారు. రెండు రోజుల ముందే వేశారు. దరఖాస్తు రసీదు, ఫోటోలు తీసుకుని కడపలో పరీక్షా కేంద్రానికి ఒకరోజు ముందు వస్తే నకలు ఇస్తామని. నేను రెండుసార్లు చదివాను.

"నేను సూల్లేదు" అన్నాను.

అక్కడ జీపు లేదు. తెల్ల బట్టల మనిషి లేడు. మా నాయన పేరున్న కాగితం అప్పటికే బూడిదైపోయింది. నకలు సంగతి చెప్పి ఉంటే మాకు వచ్చే ఆపద ఏదీ లేదు. అందుకే చెబుతున్నాను మీకు, మొదటిదాన్ని భయం మీద వేయగలను గానీ ఈ రెండోదాన్ని దేనిమీద వేయను?

బస్సు వచ్చింది. ఎక్కబోతూ సంచిలోంచి కొన్ని కాగితాలు తీసి నా చేతిలో పెట్టింది. ఫిజిక్స్‌లో నాకు రాని లెక్కలన్నీ ఏరి, బొమ్మలతో, బాణాలతో చేసి పెట్టింది. "నువ్వన్నా బాగా రాయి" అంది.

బాగా రాశాను. లిఫ్టు లెక్క వచ్చింది. మైనస్ పెట్టలేదు. సీటు వచ్చింది.

ఆ వేసవిలో రాజుపాళెం దగ్గర దారి కాచి దేవదానం సారును కొట్టారు. ప్రాణం దక్కింది గానీ కుడిచేయి పోయినట్టే. బోర్డు మీద సుద్దముక్క పట్టలేని మాస్టరు అయ్యాడు. కేసు కొట్టేశారని విన్నాను. ఎస్తేరు మళ్లీ ఎంట్రన్స్ రాయలేదు. ఇంట్లో మనిషి పడిపోయాక అంత పొడుగు చదువు ఎవరు చదివిస్తారు? ఏదో ఒకటి తొందరగా చేతికి రావాలని టీచరు ట్రైనింగుకు పోయింది.

నేను డాక్టరునయ్యాను. చాలా ఏళ్ల తర్వాత పులివెందులలో ఆస్పత్రి డ్యూటీలో ఉండగా ఒక టీచరు జ్వరమొచ్చిన ముగ్గురు ఆడపిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. ఎస్తేరే. జుట్టు నెరిసింది. ఆమె నన్ను గుర్తుపట్టి నా పేరు పెట్టి పిలిచింది. తెలిసిపోయిందని అనుకున్నాను. ఆమె కళ్లలో అనుమానం కోసం వెతికాను. ఏమీ లేదు. "మేమిద్దరం కలిసి సదువుకున్న్యాం. సూడండి ఎట్లయిందో" అని పిల్లలకు గర్వంగా చూపించింది. తను సైన్సు చెబుతుందట. తన దగ్గర చదివిన ఇద్దరు పిల్లలు మెడిసిన్‌లో చేరారట.

పిల్లలను బయట కూర్చోబెట్టి వచ్చి, గొంతు తగ్గించి అంది. "నీకొక మాట చెప్పల్లని శానా ఏండ్లుగా అనుకుంటాండా. మీ ఇంటి అడ్రసు రాసి మీకు తిప్పలు తెచ్చినా. మీ ఇంటికి జీపొచ్చిందని తర్వాత తెలిసింది. మీ అమ్మ, నాయన ఎంత భయపడినారో. మనసులో పెట్టుకోవాకు."

నన్ను క్షమించమని ఆమె అడిగింది. ఆమె!

అప్పుడు చెప్పవలసింది. గదిలో ఇద్దరమే ఉన్నాం. తలుపు మూసే ఉంది. నోరు తెరిచాను కూడా. "ఛ, అదేం మాట" అన్నాను. మందుల చీటీ రాసిచ్చాను. నా అక్షరాలు నాకే అర్థం కాలేదు, మళ్లీ రాయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ జీపు మనుషుల్లో ఎవరూ లేరు. కొందరు ఒకరి చేతిలో ఒకరు పోయారు, తెల్ల బట్టలాయన ముసలితనంతోనే పోయాడట. అయినా నా భయం తగ్గలేదు. అప్పుడు వాళ్లు మా ఇంటికొస్తారని భయం. ఇప్పుడు ఎస్తేరుకు తెలుస్తుందని భయం. కోప్పడుతుందని కాదు. కోప్పడకపోతే ఏం చేయాలా అని. వైద్యం చేసి బతికించినవాళ్లను లెక్కపెట్టుకుని దీనికి సరిపెట్టుకుందామని కొన్నాళ్లు చూశాను. ఏ లెక్కా సరిపోలేదు. ఆ మనుషులను ఆమె కూడా బతికించి ఉండేది. నాకంటే బాగా.

పేర్లు మార్చాను. ఇది ఆమె కంటపడితే మార్చిన పేర్లు దేన్నీ దాచలేవని తెలుసు. తెలిసే రాశాను. క్షమించమని అడగడం లేదు, అడిగితే ఆమె క్షమిస్తుంది, అది నేను చేసే ఇంకో దొంగతనం అవుతుంది. సాకులన్నీ తీసేస్తే మిగిలేది ఇంతే. ఆమె టికెట్ వచ్చింది. నేను కాల్చాను. దారి ఉందా అని ఆమె అడిగితే తెలియదన్నాను.

రాసేశాను. ఇన్నేళ్లలో మొదటిసారి, ఈ విషయం తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే కాదు.