నీళ్ళ గొట్టం, వంకర దూలం

కడపలోని మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు చేసే పని ఒకటుంది. లేచి గోడ మీది పటాలు సరిచేయబోతారు. దేవుళ్ళ దగ్గర్నుంచి మా తాత వరకూ అందరూ ఒక పక్కకు ఒరిగినట్టే కనిపిస్తారు మరి.

"ముట్టుకోవద్దు. పటం సరిగ్గానే ఉండాది, ఇల్లే వంకర," అనేవాడు నాన్న, కూర్చున్న చోటు నుంచి కదలకుండానే.

నిజంగానే ఇల్లు వంకర. నాన్న కాలువల మీద ఇంజనీరు. మా స్లాబు వేసే రోజునే వానలకు కాలువ గట్టు తెగింది. ఆయన అటు పరిగెత్తాడు, ఇటు మేస్త్రీ కానిచ్చేశాడు. స్లాబును మోసే సెంట్రింగు చెక్కలు ఒక మూల కుంగాయి, దాంతోపాటు హాల్లో దూలమూ కుంగింది. ఊరూరి పొలాలకూ నీళ్ళు పారించిన మనిషి ఇంట్లో దూలం ఏటవాలు! దెప్పడానికి అమ్మకు ఇంకేం కావాలి?

రిటైరయ్యాక ఆయనతో పాటు ఒక నీళ్ళ గొట్టం ఇంటికొచ్చింది. మేస్త్రీలు మట్టం చూసుకునే ప్లాస్టిక్ గొట్టం. ఒక కొన ఆయన పడితే రెండో కొన అమ్మ పట్టాలి. రెండు పక్కలా నీళ్ళు ఎక్కడ నిలిస్తే అదే మట్టం. మంచం జరిపినా గొట్టం రావాల్సిందే. నా పెళ్ళి మంటపాన్నీ వదల్లేదు. పంతులు ముహూర్తం ముహూర్తం అని మొత్తుకుంటుంటే, పట్టుచీరలో అమ్మ ఒక కొన, పంచె ఎగ్గట్టి ఆయన ఒక కొన. సిగ్గుతో చచ్చినంత పనైంది నాకు. ఇప్పుడు తలచుకుంటే నవ్వాగదు.

పటాలనూ ఆయన గొట్టం మట్టానికే తగిలించేవాడు, అక్కడే వాళ్ళకు పోట్లాట. "చూసేటోళ్ళు నవ్వుతాండారు. దూలానికి సరిగా తగిలించండి," అని అమ్మ. "దూలం తప్పయితే దేవుడెందుకు వంగల్ల?" అని ఆయన. ఒక్కసారీ అమ్మ గెలవలేదు.

పోయినేడు నాన్న పోయాడు. పెద్దకర్మ నాడు ఆయన పటం వచ్చింది. అమ్మ తమ్ముడు, మా మామ, మేకులు పట్టుకుని స్టూలెక్కాడు.

"అక్కా, ఇంగ అడ్డం చెప్పేటోళ్ళు లేరు. నీ ఇష్టప్రకారం దూలానికి సరిగా కొడతాండా," అన్నాడు.

అమ్మ దూలం వంక చూసింది. ఇన్నేళ్ళ పంతం చేతికందింది, సరే అంటుందనుకున్నాను.

"కిందికి దిగప్పా," అంది. నా వైపు తిరిగి, "మే, నువ్వు పోయి ఆ గొట్టం తీసుకురా," అంది.

నీళ్ళు నింపి తెచ్చాను. అమ్మ తన కొన అందుకుని ఎప్పుడూ నిలబడే పక్కనే నిలబడింది. నాన్న కొన నేను పట్టుకున్నాను. నేను కొన జరిపినప్పుడల్లా నీళ్ళు ఊగుతుంటే, "కదలాకు, నీళ్ళు నిలవనీ," అని అచ్చం ఆయనలాగే కసిరింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మామ మేకులు కొట్టాడు. నాన్న కూడా అందరిలాగే ఒక పక్కకు ఒరిగాడు. భోజనాలకొచ్చిన ఒక పెద్దాయన చెయ్యి చాచి సరిచేయబోయాడు.

"అన్నా, ముట్టుకోవద్దు," అంది అమ్మ, కూర్చున్న చోటు నుంచే. "పటం సరిగ్గానే ఉండాది. ఇల్లే వంకర."